మైక్రోవేవ్‌లో పప్పుచెక్క: డెల్టా వంటింటి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

వేరుశనగ చెక్క, జీడిపప్పు పాకం, నువ్వుల చెక్క... పేరేదైనా పని ఒకటే. పాకాన్ని ఫట్టున విరిగే పదునుకు తెచ్చి, పప్పు కలిపి, చల్లారేలోపు పరిచేయాలి. ఇందుకు పొయ్యి ముందు అరగంట నిలబడనక్కర లేదు, మైక్రోవేవ్‌లో పది పన్నెండు నిమిషాలు చాలు. కాకపోతే ఇప్పుడు చేతికందే మైక్రోవేవ్ కొలతల్లో చాలా భాగం అమెరికా వంటిళ్ళవి. అక్కడి మైక్రోవేవ్‌లు 1,000 వాట్లు దాటినవి, చలికాలంలో అక్కడి ఇళ్ళలో గాలి పొడిగా ఉంటుంది, మొక్కజొన్న సిరప్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో శ్రావణమాసంలో అదే కొలత పట్టుకుని కూర్చుంటే చెక్క రాదు, జిగురు వస్తుంది. అందుకే ఈ జవాబులను సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను.

మైక్రోవేవ్‌లో పాకం నిజంగా కుదురుతుందా?

కుదురుతుంది, పైగా అడుగంటదు. పొయ్యి మీద వేడి గిన్నె అడుగు నుంచి పైకి రావాలి. మైక్రోవేవ్ తరంగాలు పాకంలోని నీటినే నేరుగా వేడెక్కిస్తాయి. నీరు ఆవిరయ్యే కొద్దీ పాకం చిక్కబడుతుంది, దాని వేడి పెరుగుతుంది. తీగ పాకం 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తే, విరిగే పాకానికి దాదాపు 150 డిగ్రీలు కావాలి. అప్పటికి పాకంలో మిగిలే నీరు నూటికి ఒకటి రెండు పాళ్ళే. మొదటి నాలుగైదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. చివరి నిమిషంలో మాత్రం అన్నీ ఒక్కసారిగా జరిగిపోతాయి. ఆ చివరి నిమిషంలో తలుపు ముందే నిలబడగలిగినవారికే ఈ పద్ధతి పనికొస్తుంది. ఫోను మాట్లాడుతూ చేసే వంట కాదు.

అన్నట్టు, మైక్రోవేవ్ పుట్టుక కథలోనే మిఠాయి ఉంది. 1945లో అమెరికాలో రాడార్ గొట్టాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి కరిగిపోవడంతో ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు.

మొదటిసారి చేసేవారు ఏ కొలతతో మొదలుపెట్టాలి?

పంచదారతో మొదలుపెట్టండి. పంచదార పాకం రంగు కంటికి తెలుస్తుంది కాబట్టి చెయ్యి కుదిరే వరకు అదే తేలిక.

పంచదార 200 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ 120 గ్రాములు, నీళ్ళు ఒక పెద్ద చెంచా, పచ్చి వేరుశనగ గుళ్ళు 150 గ్రాములు, వెన్న లేదా నెయ్యి ఒక టీ చెంచా, తలకొట్టిన టీ చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి. లిక్విడ్ గ్లూకోజ్ కేకుల సామగ్రి అమ్మే దుకాణాల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. అది చేతికి అంటుకుంటే వదలదు, చెంచాను తడిపి తీయండి.

ముందుగా స్టీలు పళ్ళెం వెనక వైపు నెయ్యి రాసి పక్కన పెట్టుకోండి. ఇది తర్వాత చేద్దామనుకుంటే ఇక చేయలేరు. పంచదార, గ్లూకోజ్, నీళ్ళు పెద్ద గాజు గిన్నెలో కలిపి, 800 వాట్ల మైక్రోవేవ్‌లో పూర్తి శక్తి మీద 5 నిమిషాలు పెట్టండి. బయటికి తీసి, గుళ్ళు, ఉప్పు వేసి కలిపి మరో 3 లేదా 4 నిమిషాలు. పాకం లేత తేనె రంగుకు వస్తుంది, గుళ్ళు వేగిన వాసన వస్తుంది. అప్పుడు వెన్న వేసి కలిపి ఇంకో నిమిషం, కావాలంటే మరో అర నిమిషం. తీసిన వెంటనే సోడా, యాలకుల పొడి చల్లి గబగబా నాలుగు తిప్పులు తిప్పితే పాకం బుసబుస పొంగి తెల్లబడుతుంది. పొంగు మీద ఉండగానే పళ్ళెం మీదకు వంచేయండి. అప్పడాల కర్రతో అదిమితే గాలి బుడగలు పోతాయి కాబట్టి ఈ రకాన్ని అదమకూడదు, పళ్ళేన్ని అటూ ఇటూ వంచి పరుచుకోనివ్వాలి.

బెల్లంతో చేయాలంటే ఇదే పద్ధతా?

కాదు. బెల్లం దారి వేరు, మన ఇళ్ళలో ఎక్కువమందికి కావలసిందీ అదే.

తురిమిన బెల్లం 200 గ్రాములు, నీళ్ళు రెండు పెద్ద చెంచాలు. 2 నిమిషాలు పెడితే కరుగుతుంది. వడకట్టండి, ఎంత మంచి బెల్లమైనా అడుగున నాలుగు ఇసుక రేణువులు ఉంటాయి. వడకట్టిన పాకంలో టీ చెంచా నెయ్యి వేసి, ఒక్కో నిమిషం చొప్పున పెడుతూ, ప్రతిసారీ తీసి కలుపుతూ ఉండండి. మూడో నిమిషానికి నురుగు విపరీతంగా లేస్తుంది. గిన్నె చిన్నదైతే పాకం తిరిగే పళ్ళెం పాలవుతుంది. అందుకే పాకం మట్టం కంటే నాలుగింతలు లోతున్న గిన్నె వాడాలి. నురుగు పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకు మారి, గరిటె నుంచి పాకం బరువుగా జారుతున్నప్పుడు నిమిషాలు మానేసి 30 సెకన్ల లెక్కకు మారండి. 800 వాట్లలో మొత్తం 5 నుంచి 7 నిమిషాలు పడుతుంది.

బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు సహజంగానే కొంత ఉంటాయి. కాబట్టి లిక్విడ్ గ్లూకోజ్ అక్కర లేదు. కానీ అవే పంచదారకంటే త్వరగా మాడతాయి. బెల్లం ముందే గోధుమ రంగులో ఉంటుంది కనుక రంగు చూసి పోల్చుకోలేం. నీళ్ళ పరీక్ష ఒక్కటే ఆధారం.

పప్పు 200 గ్రాములు. పాకంలో పచ్చి పప్పు వేసి ఉడికించేంత సమయం బెల్లంతో ఉండదు కాబట్టి వేయించి, పొట్టు తీసి, బద్దలు చేసి పెట్టుకోవాలి. కలిపేటప్పుడు పప్పు గోరువెచ్చగా ఉండాలి. చల్లటి పప్పు పోస్తే పాకం అక్కడికక్కడే బిగుసుకుంటుంది, ముద్ద పరచడానికి రాదు.

పాకం వచ్చిందని ఎలా గుర్తుపట్టాలి?

చిన్న పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి పాకం చుక్క వేయండి. లేతగా ఉంటే నీళ్ళలో కరిగిపోతుంది. ఇంకాసేపు ఉడికాక వేసి వేళ్ళతో కూడగడితే మెత్తని ఉండ అవుతుంది, అది అరిసెల పాకం. మరికొంత ముదిరితే ఉండ గట్టిపడి పళ్ళేనికి కొట్టినప్పుడు ఠంగుమంటుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఉండలు కట్టడానికైతే ఇది సరిపోతుంది, చెక్కకు చాలదు. చెక్క కావాలంటే చుక్క నీళ్ళలో పడగానే గాజు పెంకులా బిగుసుకోవాలి, విరిస్తే చప్పుడుతో విరగాలి, నమిలితే పంటికి అంటకూడదు. పంటికి అంటిందంటే ఇంకో 30 సెకన్లు పెట్టాలి.

పరీక్ష చేసే ఆ కాసేపు గిన్నె బయటే ఉన్నా పాకం ఆగదు. గాజు పట్టుకున్న వేడికి ముదురుతూనే ఉంటుంది. అందుకే నీళ్ళ పళ్ళెం ముందే సిద్ధంగా ఉండాలి. థర్మామీటరు ఉన్నవారు గిన్నెను బయటికి తీశాకే ముంచాలి, లోపల పెట్టి తలుపు వేయకూడదు.

చెప్పిన నిమిషాలకు మా ఇంట్లో పాకం రావడం లేదు. ఎందుకు?

ముందు మీ మైక్రోవేవ్ వెనక ఉన్న చీటీలో వాట్లు చూడండి. చిన్న సైజువి తరచుగా 700 లేదా 800 వాట్లు, పెద్దవి 900. అమెరికా కొలతలో 4 నిమిషాలని ఉంటే 700 వాట్లలో అది దాదాపు 6 నిమిషాలవుతుంది. రెండోది, వోల్టేజీ. వేసవి సాయంత్రం ఊరంతా ఏసీలు, మోటార్లు వేసినప్పుడు వోల్టేజీ పడిపోతే మైక్రోవేవ్ వెలుగుతూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం తక్కువగా ఇస్తుంది. మధ్యాహ్నం 8 నిమిషాలకు వచ్చిన పాకానికి రాత్రి 10 పట్టవచ్చు. మూడోది, కొలత. సగం కొలత చేస్తే సగంకంటే కాస్త ఎక్కువ సమయం, రెట్టింపు చేస్తే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. నన్నడిగితే రెట్టింపు చేయకండి, రెండు వాయిలు చేసుకోండి.

గడియారాన్ని కాక పాకాన్ని చూడండి అని ఇంతసేపూ చెబుతున్నది ఇందుకే.

ఏ గిన్నె వాడాలి?

వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు గిన్నె, రెండు లీటర్లకు తగ్గకుండా. మైక్రోవేవ్‌లో పెట్టవచ్చని ముద్ర ఉన్న ప్లాస్టిక్ కూడా వద్దు. ఆ ముద్ర అన్నం, కూర వేడి చేసుకోవడానికి. పాకం 150 డిగ్రీలకు చేరితే ప్లాస్టిక్ మెత్తబడి కరుగుతుంది. స్టీలు, బంగారు అంచు పింగాణీ నిప్పురవ్వలు లేపుతాయి. వేడి గాజు గిన్నెను తడి గ్రానైటు గట్టు మీద పెట్టకండి, పగులుతుంది. మడతపెట్టిన పొడి గుడ్డ మీదో, చెక్క పీట మీదో దించండి. గుడ్డ తడిగా ఉంటే చేతికి ఆవిరి కొడుతుందని వేరే చెప్పనక్కర లేదు.

ఏ బెల్లం మంచిది?

గట్టిగా ఉండి, కొడితే పెళ్ళలుగా విరిగేది. మెత్తగా సాగేది, డబ్బాలో నీరు కారేది చెక్కకు పనికిరాదు. అందులో తేమ, గ్లూకోజు, ఫ్రక్టోజు పాళ్ళు ఎక్కువ, ఎంత ముదరబెట్టినా చెక్క మర్నాటికి చెమర్చుతుంది. అలాంటి బెల్లం పాయసానికి వాడుకోండి. అనకాపల్లి బెల్లమైనా, మన జిల్లాల్లో వండిన బెల్లమైనా ఈ ఒక్క పరీక్షకు నిలిస్తే చాలు. పచ్చగా మెరిసే బెల్లాన్ని చూసి మోజు పడకండి, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. ముదురు రంగు బెల్లం చెక్క అందంగా కనిపించకపోవచ్చు, రుచి మాత్రం దానిదే.

బెల్లం మెత్తగానే దొరికితే అందులో మూడో వంతు తీసేసి ఆ మేరకు పంచదార వేయండి. బాగానే బిగుస్తుంది.

వేరుశనగ గుళ్ళు మైక్రోవేవ్‌లోనే వేయించుకోవచ్చా?

హాయిగా. గాజు పళ్ళెంలో ఒకే వరసగా పరిచి 2 నిమిషాలు, కలిపి ఇంకో నిమిషం, మళ్ళీ కలిపి ఇంకో నిమిషం. రంగు వచ్చేదాకా ఆగకండి, బయటికి తీశాక కూడా లోపల వేగుతూనే ఉంటాయి. చల్లారాక అరచేతుల మధ్య నలిపి చెరిగితే పొట్టు పోతుంది.

మనది వరి సీమ, వేరుశనగ ఎక్కువగా రాయలసీమ నుంచి వస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి 6 లాంటి రకాల గుళ్ళు చిన్నగా, ఒకే సైజులో ఉంటాయి కాబట్టి సమంగా వేగుతాయి. ఇక్కడి తేమకు నిల్వ ఉన్న గుళ్ళలో బూజు చేరుతుంది. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయండి. బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

జీడిపప్పు, కొబ్బరి, నువ్వులతో చేయవచ్చా?

జీడిపప్పుతో చేస్తే ఇంటికి వచ్చిన చుట్టం ఇంకో ముక్క అడగడం ఖాయం. సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పుకు పేరున్న ఊరు. అటు వెళ్ళేవారు ఉంటే తెప్పించుకోండి. గుళ్ళు కొననక్కర లేదు, బద్ద చాలు, ధర తక్కువ, పాకంలో చక్కగా పరుచుకుంటుంది కూడా. జీడిపప్పు వేరుశనగకంటే త్వరగా ఎర్రబడుతుంది, కాబట్టి మైక్రోవేవ్‌లో నిమిషంన్నర వేడి చేస్తే సరి. పంచదార పాకంలో చేసినా చివరి నిమిషంలోనే వేయాలి.

నువ్వులు పళ్ళెంలో చిటపటలాడుతూ ఎగురుతాయి, మీద కాగితం కప్పండి. నువ్వుల చెక్కను వీలైనంత పలచగా ఒత్తాలి, మందంగా ఉంటే పళ్ళు ఊడతాయి. నాగులచవితి చిమ్మిలికి మాత్రం ఈ గొడవేమీ వద్దు, అది దంచుకునేదే.

పచ్చి కొబ్బరితో చెక్క రాదు. కోనసీమలో ఉండి కొబ్బరి వద్దనడం కష్టమే కానీ, కోరులోని నీరు పాకాన్ని వెనక్కి లాగేస్తుంది. దానితో కొబ్బరి లౌజు చేసుకోండి. చెక్కే కావాలంటే ఎండు కొబ్బరిని పలచని రేకులుగా తరిగి, కాస్త వేయించి, పప్పులో నాలుగో వంతుగా కలపండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కనే ఉన్నవారికి ఎండు కొబ్బరి వెతుక్కునే పని కూడా లేదు.

చేసిన రోజు బాగుంటోంది, మర్నాటికి మెత్తబడుతోంది. ఏం చేయాలి?

డెల్టాలో అందరూ అడిగే ప్రశ్న ఇది. తప్పు సగం పాకానిది, సగం గాలిది.

విరిగే పాకం చల్లారితే గాజులాంటి పదార్థమవుతుంది, చుట్టూ ఉన్న గాలిలోంచి తేమను లాక్కుంటుంది. పంచదార చెక్కకంటే బెల్లం చెక్క ఎక్కువగా లాగుతుంది, ఫ్రక్టోజు గుణం అది. కాలువలు, వరి చేలు, చేపల చెరువులు, ఆ పైన సముద్రం ఉన్న చోట గాలికి తేమ కొదవ లేదు. చెక్కను వానాకాలంలో గంటసేపు బయట వదిలితే చాలు, పైపొర జిడ్డుగా మారుతుంది.

కాబట్టి ముందు పాకాన్ని పూర్తిగా ముదరనివ్వండి. లేత పాకంతో చేసిన చెక్కను ఏ డబ్బా కాపాడలేదు. తర్వాత సమయం. తీరంలో రాత్రి, తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువ, ఎండ ఎక్కాక తగ్గుతుంది, అందుకని మధ్యాహ్నం చేయండి. సంక్రాంతి రోజులు అన్నిటికంటే అనువైనవి. ఏసీ గది ఉంటే పళ్ళేన్ని అక్కడికి తీసుకువెళ్ళి చల్లారనివ్వండి. ఫ్యాను కింద పెడితే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, ఆ ఫ్యాను తడి గాలినే విసురుతుంది. వాయుగుండం వార్త విన్న రోజు మాత్రం పప్పుచెక్క ఊసెత్తకండి, సున్నుండలు చేసుకోండి.

చెయ్యి పెట్టి చూస్తే వేడి లేదనిపించగానే డబ్బాలో వేసేయాలి. వేడి మీద వేస్తే మూతకు చెమట పట్టి ముక్కల మీద కారుతుంది, ఆలస్యం చేస్తే గాలి పట్టుకుంటుంది. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా, పొరపొరకూ మధ్య వెన్న కాగితం. ఒకే పెద్ద డబ్బా రోజుకు పదిసార్లు తెరిచే ఇళ్ళలో రెండు మూడు చిన్న డబ్బాలు మేలు. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీసిన క్షణంలో ముక్కల మీద తేమ పేరుకుంటుంది. ఇవన్నీ పాటిస్తే రెండు మూడు వారాలు కరకరలాడుతుంది, అసలు అన్నాళ్ళు మిగిలితే.

మెత్తబడిన చెక్కను మళ్ళీ మైక్రోవేవ్‌లో పెట్టి గట్టిపరచవచ్చా అంటే, కుదరదు. పప్పు మాడుతుంది, పాకం కారుతుంది.

పంచదార చెక్క పలుకులు పలుకులుగా, ఇసుకలా వచ్చింది. కారణం?

గిన్నె అంచుకు అంటిన పంచదార పలుకు ఒక్కటి పాకంలో పడినా మిగతాదంతా దాని చుట్టూ గడ్డకడుతుంది. మొదటి విడతలోనే పంచదార మొత్తం కరిగేలా కలిపి, అంచులను తడి చెంచాతో తుడవండి. ఆ తర్వాత అవసరానికి మించి కలపకండి. లిక్విడ్ గ్లూకోజ్ వేసేది ఈ గడ్డకట్టడాన్ని ఆపడానికే. అది దొరకకపోతే అర టీ చెంచా నిమ్మరసం పిండండి. కొంత పంచదార గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోయి అదే పని చేస్తుంది. పలుకులు కట్టిన పాకంలో రెండు చెంచాల నీళ్ళు పోసి మళ్ళీ కరిగించి మొదలుపెట్టవచ్చు, నష్టమేమీ లేదు.

చేదుగా వచ్చింది.

మాడింది. మాడిన పాకానికి మందు లేదు. రంగు బాగానే ఉండి కూడా సబ్బులాంటి రుచి వస్తే అది సోడా ఎక్కువవడం వల్ల.

సోడా తప్పనిసరా?

పంచదార చెక్కకు వేస్తే బాగుంటుంది. సోడా పాకంలో పడి బొగ్గుపులుసు వాయువు బుడగలు పుట్టిస్తుంది, ఆ బుడగలు చెక్కను గుల్లబరుస్తాయి, రంగు కూడా తెస్తుంది. బెల్లం చెక్కకు చిటికెడు చాలు, అసలు మానేసినా మన పాత చెక్కల గట్టితనమే వస్తుంది. నా ఓటు మానేయడానికే.

అరటి ఆకు మీద పరవవచ్చా?

చూడముచ్చటగా ఉంటుంది కానీ వద్దు. పాకం వేడికి ఆకులోని నీరు ఆవిరై చెక్క అడుగుకు చేరుతుంది, అడుగు జిగురవుతుంది. బెల్లం చెక్కకు నెయ్యి రాసిన పీట, అప్పడాల కర్ర మంచివి. ఒత్తిన వెంటనే చాకుతో గీతలు పెట్టాలి. గట్టిపడ్డాక కోస్తే ముక్కలు గీత మీద విరగవు.

పిల్లలతో కలిసి చేయవచ్చా? చేయి కాలితే?

పప్పు పొట్టు తీయడం, పళ్ళేనికి నెయ్యి రాయడం పిల్లలకు ఇవ్వండి. పాకం గిన్నె బయటికి వచ్చేసరికి వాళ్ళు వంటింట్లో ఉండకూడదు. ఇది మరిగే నీటికంటే చాలా వేడి, పైగా చర్మానికి అంటుకుని ఉండిపోతుంది. కాలితే వెంటనే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టండి. అంటుకున్న పాకాన్ని పీకకండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసుముక్క ఏవీ వద్దు. పొక్కు లేస్తే, ముఖమో కళ్ళో కాలితే ఆసుపత్రికి వెళ్ళాలి.

తినడంలోనూ ఒక జాగ్రత్త. అయిదేళ్ళలోపు పిల్లలకు గట్టి పప్పు గొంతుకు అడ్డం పడవచ్చు, పొడి చేసి పెట్టండి. వేరుశనగ పడని వారు ఉన్నారేమో పంచేముందు అడగండి.

బెల్లంతో చేసినది మధుమేహం ఉన్నవారు తినవచ్చా?

బెల్లంలోనూ అధిక భాగం చక్కెరే. 30 గ్రాముల ముక్కలో సుమారు 140 కేలరీలు ఉంటాయి. ఇంత తినవచ్చో లేదో వైద్యుణ్ణి అడగాలి, బెల్లాన్ని కాదు.

కాజాలు, పూతరేకులు కూడా మైక్రోవేవ్‌లో వస్తాయా?

రావు. తాపేశ్వరం కాజా నూనెలో వేగాలి. ఆత్రేయపురం పూతరేకు బోర్లించిన కుండ మీద పుట్టాలి, 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవి ఆ ఊళ్ళ నుంచే తెచ్చుకోండి.

కరెంటు ఖర్చు ఎంత?

800 వాట్ల మైక్రోవేవ్ దాదాపు 1,200 వాట్లు తీసుకుంటుంది. 10 నిమిషాలకు యూనిట్‌లో అయిదో వంతు. గ్యాసుతో పోల్చి చూసుకునేంత లెక్క కాదు.

గిన్నెకు అంటిన పాకం ఎలా వదులుతుంది?

గోకకండి. గిన్నెలో సగానికి నీళ్ళు పోసి 4 నిమిషాలు వేడి చేసి పది నిమిషాలు వదిలేస్తే దానంతటదే కరుగుతుంది. గాజు కాస్త చల్లారాకే నీళ్ళు పోయాలి. బెల్లం పాకమైతే ఆ నీళ్ళు పారబోయకుండా అల్లం ముక్క, మిరియాలు వేసి మరిగించుకోవచ్చు. పళ్ళెంలో రాలిన పొడి, విరిగిన అంచులు పెరుగన్నం తర్వాత చేతిలో వేసుకోవడానికి, లేదా సేమ్యా పాయసం మీద చల్లడానికి బాగుంటాయి.